రాయి నుండి రేగడి వరకు

మన భాషలో మట్టికి దక్కిన గౌరవం అంతంతమాత్రమే. తెలివి తక్కువవాణ్ణి మట్టిబుర్ర అంటాం. చెడిపోయిన పనిని మట్టిపాలయిందంటాం. ఉలుకూ పలుకూ లేనివాణ్ణి మన్ను తిన్న పాముతో పోలుస్తాం. ఒకరి బతుకుతెరువు పోగొట్టడాన్ని నోట్లో మట్టి కొట్టడం అంటాం. కాని ఆ మట్టే లేకపోతే నోట్లోకి పోవడానికి మెతుకు కూడ ఉండదన్న సంగతి మనకు అంతగా తట్టదు.

భూగోళం కేంద్రం నుండి ఉపరితలం వరకు ఉన్న దూరం 6,371 కిలోమీటర్లు. ఇందులో మనకు తిండి పెట్టేది పైనున్న ఒకటి రెండు మీటర్ల మట్టి మాత్రమే. చాలాచోట్ల అది మూరెడు లోతు కూడ ఉండదు. దాని క్రింద ఉన్నది రాయి. ఈ పలుచని పొర ఎక్కడి నుండి వచ్చింది? ఎంత కాలానికి తయారయింది? ఒక ఊళ్ళో ఎర్రగా, పక్క ఊళ్ళో నల్లగా ఎందుకున్నది? ఈ ప్రశ్నలకు సమాధానాలు తెలుగునాట ఏ పొలం గట్టున నిలబడి చూసినా దొరుకుతాయి.

రాయి పొడి అయితే అదే మట్టి అవుతుందని చాలామంది అనుకుంటారు. ఇది సగం నిజం. గ్రానైట్ ముక్కను రోట్లో వేసి మెత్తగా దంచితే వచ్చేది రాతిపొడి మాత్రమే. దానికి నీటిని పట్టి ఉంచే గుణం తక్కువ, మొక్కకు కావలసిన ఆహారాన్ని అందుబాటులో ఉంచే శక్తి అంతకన్న తక్కువ. రాయి మట్టిగా మారడానికి మొదట పగలాలి, పిమ్మట రసాయనికంగా మారాలి, ఆ తరువాత దానిలో ప్రాణులు కాపురముండాలి. ఈ మూడు పనులు ఒకదాని వెంట ఒకటి కాక కలిసే జరుగుతాయి గాని, అర్థం చేసుకొనే సౌకర్యం కోసం విడివిడిగా చూద్దాం.

రాయి పగలడం

రాయి వాతావరణ ప్రభావానికి లోనై శిథిలమవడాన్ని శాస్త్రజ్ఞులు శిలాశైథిల్యం అంటారు. హైదరాబాదు పరిసరాలలోని గ్రానైట్ రాళ్ళ వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. అవి పుట్టింది నేలమీద కాదు. భూగర్భంలో కొన్ని కిలోమీటర్ల లోతున, విపరీతమైన ఒత్తిడి క్రింద, ద్రవశిల నెమ్మదిగా చల్లారి గడ్డకట్టగా ఏర్పడినవి. కోట్ల సంవత్సరాల కాలంలో పైనున్న బరువంతా కోతకు గురై తొలగిపోయింది. నెత్తిమీది మూట దించిన కూలివాని వలె, ఒత్తిడి తగ్గిన రాయి కొద్దిగా వ్యాకోచించింది. అప్పుడు దాని ఉపరితలానికి సమాంతరంగా బీటలు ఏర్పడి, ఉల్లిపొరల వలె పెచ్చులు ఊడడం మొదలయింది. భువనగిరి కోట ఉన్న ఏకశిల గుండుకు ఆ నునుపైన వంపు ఇట్లా వచ్చినదే. అట్లాంటాలో ఉండే తెలుగువారు అదే దృశ్యాన్ని తమ ఊరి పక్కనే ఉన్న స్టోన్ మౌంటెన్ మీద చూడవచ్చును. ఆ కొండ వయస్సు సుమారు 30 కోట్ల సంవత్సరాలే అయినా, పెచ్చులూడే తీరు ఒక్కటే.

బీట పడిన తరువాత నీరు లోపలికి దిగుతుంది. చలిదేశాలలో ఆ నీరు గడ్డకట్టి, ఘనపరిమాణంలో 9 శాతం పెరిగి, రాతిని చీలుస్తుంది. మంచు కురిసే రాష్ట్రాలలో శీతకాలం గడిచేసరికి రోడ్లు గుంతలు పడేది ఈ బలం చేతనే. మన ప్రాంతంలో నీరు గడ్డకట్టదు. అక్కడ పగటి ఎండకు, రాత్రి చల్లదనానికి రాయిలోని వేరువేరు ఖనిజాలు వేరువేరు పాళ్ళలో వ్యాకోచించి సంకోచిస్తాయి. ఈ లాగులాటలో రేణువుల మధ్య పట్టు సడలుతుంది. దీనికి తోడు చెట్ల వేళ్ళు. పాతగుడి గోపురం సందులో మొలిచిన రావిమొక్క ఆ గోపురాన్ని ఏం చేస్తుందో చూసినవారికి వేళ్ళ బలం గురించి వేరే చెప్పనక్కరలేదు.

హైదరాబాదులో ఒకదానిమీద ఒకటి పేర్చినట్లుండే గుండ్రని బండరాళ్ళను ఎవరో దొర్లించి అక్కడ పెట్టలేదు. గ్రానైట్‌లోని బీటలు నిలువుగా, అడ్డంగా సాగి రాతిని పెట్టెల వంటి దిమ్మలుగా విడదీస్తాయి. బీటల గుండా దిగిన నీరు దిమ్మ ముఖాన్ని ఒక వైపు నుండి, అంచును రెండు వైపుల నుండి, మూలను మూడు వైపుల నుండి తినివేస్తుంది. అందుచేత మూలలు ముందు అరిగి, చతురస్రమైన దిమ్మ కాలక్రమాన గుండు అవుతుంది. చుట్టూ మెత్తబడిన భాగం వానకు కొట్టుకుపోగా గుండ్లు మాత్రం మిగిలిపోతాయి.

పగలడం వలన కలిగే అసలు ప్రయోజనం ఒక చిన్న లెక్కతో తేలుతుంది. మీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న రాతిదిమ్మకు ఆరు ముఖాలు, అంటే 6 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. దానినే సెంటీమీటరు ముక్కలుగా కోస్తే 10 లక్షల ముక్కలు వస్తాయి. వాటి ఉపరితలం మొత్తం 600 చదరపు మీటర్లు. రాయి బరువు మారలేదు గాని, నీరు పనిచేయడానికి దొరికిన చోటు నూరు రెట్లయింది.

రాయి కరగడం

వానచినుకు ఆకాశం నుండి దిగేటప్పుడు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంత కరిగించుకొని వస్తుంది. సోడాబుడ్డిలోని నీరు పుల్లగా ఉండేది ఆ వాయువు వల్లనే. కనుక స్వచ్ఛమైన వాననీరు కూడ చాలా పలుచని ఆమ్లమే. నేలలోకి ఇంకిన తరువాత అది మరికొంత పదునెక్కుతుంది. ఎందుకంటే వేళ్ళూ, సూక్ష్మజీవులూ శ్వాసించడం చేత మట్టి సందులలోని గాలిలో బొగ్గుపులుసు వాయువు పైగాలిలో కన్న పదుల రెట్లు ఎక్కువగా ఉంటుంది.

ఈ ఆమ్లజలం గ్రానైట్‌లోని ముఖ్యమైన మూడు ఖనిజాల మీద మూడు విధాలుగా పనిచేస్తుంది. మొదటిది పలుగురాయి, అనగా క్వార్ట్జ్. ఇది మొండిఘటం. నీటికీ, ఆమ్లానికీ దాదాపుగా లొంగదు. తోడున్న ఖనిజాలు శిథిలం కాగా ఇది రేణువులుగా విడిపడి ఇసుక అవుతుంది. మన వాగులలోని ఇసుకలో అధికభాగం ఈ విధంగా మిగిలిన పలుగురాయే. రెండవది ఫెల్డ్‌స్పార్. గ్రానైట్‌లో గులాబీరంగుగానో, పాలతెలుపుగానో మెరిసేది ఇదే. ఆమ్లజలం తగిలితే దీనిలోని పొటాషియం, సోడియం, కాల్షియం నీటిలో కరిగి బయటికి వస్తాయి. సిలికాలో కొంత భాగం కూడ కరిగిపోతుంది. మిగిలిన అల్యూమినియం, సిలికా నీటితో కలిసి ఒక కొత్త ఖనిజంగా అమరుతాయి. అదే బంకమన్ను. మూడవది నల్ల అభ్రకం. దీనిలోని ఇనుము గాలిలోని ప్రాణవాయువుతో కలిసి తుప్పు పడుతుంది. పాత తలుపు గొళ్ళేనికి పట్టే తుప్పుకూ, మన ఎర్రనేలల రంగుకూ మూలం ఒక్కటే.

ఇక్కడ గమనించవలసిన ముఖ్య విషయం ఒకటున్నది. ఇసుక రాయిలో ముందే ఉన్నది, బయటపడిందంతే. బంకమన్ను రాయిలో లేదు. అది శైథిల్యంలో కొత్తగా పుట్టింది. మట్టికి నీటిని పట్టి ఉంచే శక్తినీ, పొటాషియం, కాల్షియం వంటి పోషకాలను తన రేణువుల అంచులకు అంటించుకొని వేళ్ళకు అందించే శక్తినీ ఇచ్చేది ఈ బంకమన్నే. కరిగిన లవణాలలో మొక్కలకు అందినవి అందగా, తక్కినవి వాగులలో, నదులలో కలిసి సముద్రానికి చేరుతాయి. సముద్రపు ఉప్పులోని సోడియంలో చాలా భాగం ఒకనాటి రాళ్ళ నుండి కరిగి వచ్చినదే.

గ్రానైట్ తరువాత మనం చెప్పుకోవలసినది బసాల్ట్. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం దక్కను పీఠభూమిపై పొరలు పొరలుగా లావా పారింది. నేటికీ 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఆ రాయి పరచుకొని ఉన్నది. అందులో అధికభాగం మహారాష్ట్రలో ఉండగా, దాని అంచులు ఆదిలాబాదు, జహీరాబాదు, వికారాబాదు ప్రాంతాలలో తెలంగాణలోకి చొచ్చుకువచ్చాయి. రాజమహేంద్రవరం దగ్గర గోదావరికి ఇరుప్రక్కలా కూడ ఆ కాలపు లావా కొద్దిగా కనిపిస్తుంది. బసాల్ట్‌లో పలుగురాయి దాదాపుగా ఉండదు. ఇనుము, మెగ్నీషియం, కాల్షియం సమృద్ధిగా ఉంటాయి. ఇది గ్రానైట్ కన్న త్వరగా శిథిలమవుతుంది. శిథిలమైతే మిగిలేది ఇసుక కాదు, దాదాపుగా అంతా బంకమన్నే. నల్లరేగడికి ఇది పుట్టిల్లు.

ఒకే రాయి, రెండు నేలలు

అయితే నల్లరేగడి అంతా బసాల్ట్ నుండే వచ్చిందనుకుంటే పొరపాటు. నంద్యాల ప్రాంతపు రేగడికి అడుగున సున్నపురాయి, పలకరాయి ఉన్నాయి. ఇంకా ఆశ్చర్యకరమైన విషయమేమంటే, తెలంగాణలో కేవలం గ్రానైట్ మీదనే ఎర్రచల్క, నల్లరేగడి రెండూ పక్కపక్కన కనిపిస్తాయి. దీనికి కారణం తెలియాలంటే బంకమన్నులో రెండు ముఖ్యమైన జాతులున్నాయని తెలుసుకోవాలి.

మొదటిది కేయోలినైట్. చీనాదేశంలో పింగాణీకి పేరుపొందిన ప్రాంతంలోని కావోలింగ్ అనే గుట్ట పేరు మీద దీనికి ఆ పేరు వచ్చింది. దీని సన్నని పలకలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కొని ఉంటాయి. మధ్యకు నీరు చొరబడదు. అందుచేత ఇది తడిసినా పెద్దగా ఉబ్బదు, పోషకాలను దాచుకొనే శక్తి కూడ తక్కువ. రెండవది మాంట్‌మొరిల్లొనైట్. ఫ్రాన్సు దేశంలోని ఒక ఊరి పేరు మీద వచ్చిన పేరు ఇది. దీని పలకల మధ్య పట్టు సడలుగా ఉంటుంది. వానలో తడిసిన పుస్తకం ఉబ్బినట్లు, పలకల మధ్యకు నీరు చేరి ఇది ఉబ్బుతుంది. ఎండితే కుంచించుకొని నెర్రెలు విచ్చుతుంది. నీటినీ, పోషకాలనూ పట్టి ఉంచడంలో దీనికి సాటి లేదు.

ఈ రెండింటిలో ఏది పుడుతుందన్నది రాయి ఒక్కటే నిర్ణయించదు. నీరు పోయే దారి కూడ నిర్ణయిస్తుంది. మిట్టమీద పడిన వాన త్వరగా దిగిపోతూ కాల్షియం, మెగ్నీషియం, సిలికాలను తనతో తీసుకుపోతుంది. అవి పోయినచోట కేయోలినైట్, ఇనుపతుప్పు మిగిలి ఎర్రచల్క ఏర్పడుతుంది. అట్లా దిగిన నీరు పల్లంలో చేరి నిలుస్తుంది. మిట్ట పోగొట్టుకున్న కాల్షియం, మెగ్నీషియం, సిలికా పల్లానికి దక్కుతాయి. అవి సమృద్ధిగా ఉన్నచోట మాంట్‌మొరిల్లొనైట్ పుడుతుంది. పైన ఎరుపు, క్రింద నలుపు. మిట్ట బీదరికమే పల్లానికి భాగ్యం అయిందన్నమాట.

వాన మరీ ఎక్కువై, కోట్ల ఏళ్ళు కడిగితే సిలికా కూడ పూర్తిగా పోయి అల్యూమినియం ఆక్సైడు మాత్రమే మిగులుతుంది. విశాఖ మన్యంలో అనంతగిరి, చింతపల్లి కొండల నెత్తిన ఉన్న బాక్సైట్ ఈ విధంగా మిగిలిన శేషమే.

మన పెద్దలకు మాంట్‌మొరిల్లొనైట్ పేరు తెలియదు గాని, ఈ వరుస తెలుసు. ఊరిచుట్టూ ఉన్న నేలను గరుసు, చల్క, దుబ్బ, రేగడి, చౌడు అని వేరువేరుగా పిలిచి, మిట్టన ఆముదమూ జొన్నా, పల్లాన వరీ వేసి, ఆ రెండింటి నడుమ చెరువు కట్టినవారు నేల గుణం తెలియకుండా ఆ పని చేయలేదు.

రష్యా శాస్త్రజ్ఞుడు వసీలీ డొకుచాయెవ్ 1883లో తమ దేశపు నల్లనేలల గురించి ప్రకటించిన గ్రంథంతో మృత్తికాశాస్త్రం ఒక ప్రత్యేక శాస్త్రంగా నిలదొక్కుకున్నది. స్విట్జర్లాండులో పుట్టి అమెరికాలో స్థిరపడిన హాన్స్ జెన్నీ 1941లో ఆ భావాన్ని ఒక సూత్రంగా మలిచాడు. మట్టి స్వభావాన్ని నిర్ణయించేవి ఐదు: మాతృశిల, శీతోష్ణస్థితి, ప్రాణులు, నేల ఎత్తుపల్లాలు, కాలం. ఇందులో ఏ ఒక్కటి మారినా మట్టి మారుతుంది. మనం ఇప్పటిదాకా చూసింది శిల, వాన, వాలు. ఇక ప్రాణుల సంగతి, కాలం సంగతి మిగిలాయి.

మట్టికి ప్రాణం పోసేవారు

వట్టి రాతిమీద మొదట కాపురం పెట్టేది రాతిపువ్వు. మసాలాలో సువాసన కోసం వేసే రాతిపువ్వు ఈ జాతిదే. ఇది నిజానికి పువ్వు కాదు. శిలీంధ్రమూ, పచ్చని శైవలమూ కలిసి చేసే ఉమ్మడి కాపురం. ఇది ఊరించే ఆమ్లాలు రాతిని కొంచెం కొంచెంగా కొరుకుతాయి. అది చచ్చి మిగిల్చిన చిటికెడు పదార్థంలో నాచు మొలుస్తుంది. నాచు పట్టిన చోట గడ్డి, గడ్డి పట్టిన చోట పొద. రాలిన ఆకు, చచ్చిన వేరు కుళ్ళి హ్యూమస్ అనే నల్లని పదార్థంగా మారి బంకమన్నుతో పెనవేసుకుంటుంది. మట్టి గుల్లగా, ఉండలుగా, గాలి ఆడేటట్లుగా ఉండేది ఈ పెనవేత వల్లనే.

ఈ పనిలో వానపాముల పాత్రను ప్రపంచానికి చాటినవాడు చార్లెస్ డార్విన్. పరిణామవాదాన్ని ప్రతిపాదించిన ఆ మహాశాస్త్రజ్ఞుడు తన కడపటి గ్రంథాన్ని, 1881లో, వానపాముల మీద వ్రాశాడు. ఇంగ్లండులో చాలాచోట్ల ఎకరానికి ఏటా 10 టన్నులకు పైగా మట్టి వానపాముల కడుపుల గుండా పోయి పైకి వస్తుందని ఆయన లెక్కకట్టాడు. వానలు తక్కువైన మన మెట్టప్రాంతాలలో ఈ పనిలో పెద్దవాటా చెదపురుగులది. లోపలి మన్నును పైకి తెచ్చి అవి పెట్టే పుట్టలు మనకు తెలిసినవే.

ఇవి కంటికి కనిపించేవి. కనిపించనివి ఇంకా ఎన్నో ఉన్నాయి. సారవంతమైన మట్టి ఒక గ్రాములో కోట్లకొలది బాక్టీరియా ఉంటాయి. వాటి విలువను మానవజాతికి చూపినవారిలో మన తెలుగువాడొకరున్నారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్నప్పుడు, వేరువేరు ప్రాంతాల నుండి మట్టి నమూనాలు తెప్పించి, వాటిలోని సూక్ష్మజీవులను పరీక్షించే పనిని ఆ సంస్థలో చేపట్టారు. మిస్సోరి రాష్ట్రంలో కొలంబియా నగరంలోని సాన్‌బార్న్ ఫీల్డ్ అనే ప్రయోగక్షేత్రం నుండి, ఏళ్ళ తరబడి గడ్డి మాత్రమే పెంచిన ఒక మడి నుండి, వచ్చిన మట్టిలో బెంజమిన్ డగ్గర్ ఒక బంగారువన్నె సూక్ష్మజీవిని కనుగొన్నాడు. దాని నుండి 1948లో ఆరియోమైసిన్ వెలువడింది. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అదే మొదటిది. మట్టిపాలయిందని మనం చులకనగా అనే మట్టి నుండే అసంఖ్యాకుల ప్రాణాలు నిలిపిన మందు వచ్చింది.

అమెరికాలో మన నేలల అక్కచెల్లెళ్ళు

డాలస్ ప్రాంతంలో ఇల్లు కొనుక్కున్న తెలుగువారికి ఒక విచిత్రమైన అలవాటు ఏర్పడుతుంది. వేసవిలో పూలమొక్కలకే కాక ఇంటి పునాది చుట్టూ కూడ గొట్టాలు పరచి నీరు పెడతారు. పెట్టకపోతే నేల కుంచించుకుపోయి పునాది కుంగి గోడలు బీటలు వారుతాయి. కారణం, అక్కడ ఇంటి అడుగున ఉన్నది మన రేగడికి స్వయానా చెల్లెలు. డాలస్‌కు ఉత్తరం నుండి శాన్ ఆంటోనియో దాకా సాగిన ఈ నల్లనేలలలో ప్రధానమైనదానిని హ్యూస్టన్ బ్లాక్ అంటారు. ఇది సుమారు 15 లక్షల ఎకరాలలో పరచుకొని ఉన్నది. దీని మాతృశిల బసాల్ట్ కాదు, పురాతన సముద్రగర్భంలో పేరుకొన్న సుద్దరాయి, సున్నపు మన్ను. అయినా అదే రకపు బంకమన్ను, అవే నెర్రెలు, పండిందీ అదే పత్తి. తల్లులు వేరైనా పెంపకం ఒకటైతే పిల్లలు ఒకే తీరుగా తయారవుతారనడానికి ఇది మంచి ఉదాహరణ.

రేగడి నెర్రెలు వేసవిలో మీటరుకు పైగా లోతు పోతాయి. పైనున్న మన్ను వాటిలోకి రాలుతుంది. వానకు నేల ఉబ్బి నెర్రెలు మూసుకున్నప్పుడు లోపలి మన్ను పైకి ఒత్తుకువస్తుంది. కనుకనే రేగడి తనను తానే దున్నుకుంటుందని చెప్పుకుంటారు. దాని నలుపు చూసి హ్యూమస్ ఎక్కువగా ఉన్నదని భ్రమపడరాదు. చాలా రేగడి నేలలలో సేంద్రియ కర్బనం ఒక శాతం కూడ ఉండదు. ఉన్న కొద్ది హ్యూమస్ బంకమన్నుకు గట్టిగా అంటుకొని దానికి ఆ ముదురురంగు నిస్తుంది.

ఇక జార్జియా, కరోలినా రాష్ట్రాల ఎర్రమన్ను మన చల్కలకు దూరపు బంధువు. గ్రానైట్, నైస్ శిలలు వెచ్చని వానలకు శిథిలమై, కేయోలినైటూ, ఇనుపతుప్పూ మిగిలిన నేల అది. అక్కడ పిల్లల బూట్లకంటిన ఎర్రమరక అంత సులభంగా వదలదు. ఆ మరక వెనుక ఒక విషాదం కూడ ఉన్నది. ఈ నేలలు పుట్టుకతో పైకి ఇంత ఎర్రగా ఉండేవి కావు. వాటిపైన ఇసుక కలిసిన గోధుమరంగు మెత్తని మన్ను ఉండేది. పత్తి, పొగాకు సేద్యంలో వాలును పట్టించుకోకుండా దున్నడం వలన ఆ పైమన్ను సగటున 7 అంగుళాల మేర కొట్టుకుపోయిందని 1970లలో జరిగిన పరిశోధన తేల్చింది. నేడు చాలాచోట్ల కనిపించేది క్రిందిపొర. జార్జియాలోని ప్రావిడెన్స్ కాన్యన్‌కు వెళ్ళినవారు 150 అడుగుల లోతైన రంగురంగుల గండ్లను చూసి ప్రకృతి వింత అనుకుంటారు. అవి 19వ శతాబ్దపు సేద్యం మిగిల్చిన నేలకోతలు.

జమాఖర్చులు

ఇప్పుడు ఐదవదైన కాలానికి వద్దాం. కఠినశిల మీద ఒక సెంటీమీటరు మట్టి ఏర్పడటానికి చోటును బట్టి కొన్ని వందల ఏళ్ళ నుండి కొన్ని వేల ఏళ్ళు పడుతుంది. ఇది జమ.

ఇక ఖర్చు. 1983లో భారతీయ మృత్తికాశాస్త్రజ్ఞులు ప్రకటించిన అంచనా ప్రకారం మన దేశంలో సగటున హెక్టారుకు ఏటా 16 టన్నులకు పైగా మట్టి స్థానభ్రంశం చెందుతున్నది. హెక్టారు నేలమీద ఒక మిల్లీమీటరు మందం గల మట్టి సుమారు 13 టన్నులు తూగుతుంది. అంటే ఏడాదికి మిల్లీమీటరుకు కొంచెం పైగా, ఎనిమిదేళ్ళకు ఒక సెంటీమీటరు. మనిషి ఊహ తెలిసిన నాటి నుండి ముసలివాడయ్యే లోపల బెత్తెడు మట్టి కదిలిపోతుంది. ఆ బెత్తెడు తిరిగి రాతి నుండి పుట్టడానికి శాతవాహనుల నాటి నుండి నేటి వరకు గడిచిన కాలం కూడ చాలకపోవచ్చును.

కదిలిన మట్టి అంతా మాయం కాదన్నది నిజమే. ఆ అంచనా ప్రకారమే అందులో 61 శాతం ఒకచోటి నుండి మరొక చోటికి చేరుతున్నది. 10 శాతం జలాశయాలలో పూడికగా పేరుకుంటున్నది. 29 శాతం సముద్రం పాలవుతున్నది. 1931లో పూర్తయిన నిజాంసాగరు కొన్ని దశాబ్దాలలోనే తన నిలువసామర్థ్యంలో సగానికి పైగా పూడికకు అప్పగించింది. మంజీరా ఎగువ పొలాల పైమన్నే ఆ పూడిక.

నదులు మోసుకుపోయే మట్టి వలన మేలు జరగలేదా అని అడగవచ్చును. జరిగింది. గోదావరి త్ర్యంబకం వద్ద, కృష్ణ మహాబలేశ్వరం వద్ద పుట్టేది బసాల్ట్ కొండలలోనే. కోనసీమ కొబ్బరితోట క్రింది ఒండ్రులో, దివిసీమ వరిచేని క్రింది ఒండ్రులో మహారాష్ట్ర రాయి ఉన్నది. కాని ఆ కానుక వేల ఏళ్ళుగా, ఎగువ అడవులు ఉండగా, కొద్దికొద్దిగా అందినది. నేడు ఎగువన కోత పెరిగింది. ఆనకట్టల వలన దిగువకు చేరే ఒండ్రు, ముఖ్యంగా కృష్ణలో, బాగా తగ్గిపోయింది. పైవారు పోగొట్టుకుంటున్నారు గాని క్రిందివారికి దక్కడం లేదు.

సుబ్బారావు గారి ప్రయోగశాలకు మట్టినిచ్చిన సాన్‌బార్న్ ఫీల్డ్ ఈ విషయంలో కూడ మనకు సాక్ష్యం చెబుతుంది. 1888లో మొదలైన ఆ క్షేత్రంలో ఒక మడిలో నూరేళ్ళు వరుసగా మొక్కజొన్న, మరొక మడిలో గడ్డి పెంచారు. నూరేళ్ళ తరువాత కొలిచి చూడగా, గడ్డిమడిలో ఉన్న పైమన్నులో 44 శాతం మాత్రమే మొక్కజొన్న మడిలో మిగిలింది. ఒకే వాన, ఒకే రాయి, ఒకే వాలు. తేడా అంతా పైన కప్పి ఉన్న పచ్చదనంలోనే ఉన్నది.

నిలుపుకొనే మార్గాలు

మట్టిని తయారుచేయడం మన చేతిలో లేదు. నిలుపుకోవడం మన చేతిలో ఉన్నది. హైదరాబాదు సమీపాన పటాన్‌చెరులో 1972లో స్థాపించిన ఇక్రిశాట్ పరిశోధనాక్షేత్రంలో ఎర్రనేల, నల్లనేల రెండూ ఉన్నాయి. అక్కడి రేగడిలో 1976 నుండి పక్కపక్కన రెండు పద్ధతులలో సేద్యం చేసి కొలుస్తూ వచ్చారు. వానకాలమంతా నేలను బీడుగా వదిలే పాతపద్ధతిలో హెక్టారుకు ఏటా 6 టన్నులకు పైగా మట్టి పోగా, పండింది సుమారు 1 టన్ను. ఎత్తైన వెడల్పు మళ్ళు, వాటి మధ్య నీరు మెల్లగా పోయే కాలువలు, కందివంటి పప్పుజాతి అంతరపంట గల పద్ధతిలో పోయిన మట్టి సుమారు ఒకటిన్నర టన్నులు, పండింది దాదాపు 5 టన్నులు. నేలను కాపాడితే దిగుబడి తగ్గుతుందనే భయం నిరాధారమని దీనివలన తేలుతున్నది.

చెరువుపూడికను ఎండాకాలంలో బండ్లకెత్తి పొలానికి తోలుకోవడం మన రైతులు తరతరాలుగా చేసిన పని. కొట్టుకుపోయిన బంకమన్నునూ, పోషకాలనూ మిట్టచేలకు తిరిగి చేర్చే ఉపాయమది. తెలంగాణ ప్రభుత్వం 2015లో ప్రారంభించిన మిషన్ కాకతీయ పథకంలో దాదాపు 46 వేల చెరువుల పునరుద్ధరణను లక్ష్యంగా పెట్టుకొని, పూడికమట్టిని పొలాలకు తరలించుకోవడాన్ని ప్రోత్సహించారు. అమెరికా ప్రభుత్వం కూడ 1930లలో మధ్యమైదానాల మట్టి తుపానులుగా లేచి తూర్పునగరాలను కమ్మిన తరువాతనే కళ్ళు తెరచి, 1935లో మృత్తికా పరిరక్షణ చట్టం చేసింది.

ఊళ్ళో పొలం ఉన్నవారు మనలో ఇంకా చాలామంది ఉన్నారు. దాని ధర ఎకరానికెంత పలుకుతున్నదో ఫోనులో అడిగి తెలుసుకుంటూనే ఉంటాం. గట్లు పోశారా, వాలుకు అడ్డంగా దున్నుతున్నారా, చెరువుమట్టి తోలారా, కోత తరువాత మోళ్ళను కాల్చకుండా నేలలోనే కలియదున్నారా అని కూడ అడగడం మంచిది. ఇక్కడి మన పెరళ్ళలో సైతం రాలిన ఆకును సంచులకెత్తి వీధిలో పెట్టే బదులు పాదులలో వేసి కుళ్ళనిస్తే వానపాముల పనికి మనవంతు సాయం చేసినట్లవుతుంది.

రాళ్ళకు ఈ భూమిమీద ఎన్నడూ కొదువ లేదు. వానకూ కొదువ లేదు. లేనిదల్లా వేల ఏళ్ళ వ్యవధి. పొలం పత్రాలలో యజమాని పేరు ఎవరిదైనా, ఆ పైమన్ను మాత్రం మనకు పూర్వం గడిచిన కొన్ని వందల తరాల కాలంలో కూడిన నిలువ. దానిని వాడుకొనే హక్కు మనకున్నది. తరువాతివారికి మిగల్చకుండా వాడుకొనే హక్కు లేదు.